లిపిడ్ ప్రొఫైల్ పరీక్ష: హన్మకొండ ల్యాబుల్లో దొరికేది, రిపోర్టులో కనపడనిది

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఎక్కడున్నా కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోవడం ఇప్పుడు చాలా సులువు. ఫోన్ చేస్తే పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకుపోతారు. సాయంత్రానికల్లా రిపోర్టు వాట్సాప్‌లో ఉంటుంది. ఎంజీఎం చుట్టుపక్కల, హన్మకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ దాకా ల్యాబు బోర్డులకు కొదవ లేదు. ఇక్కడ ఏ ఒక్క ల్యాబునూ పేరుపెట్టి చెప్పడం లేదు. అందరూ అమ్మే సరుకు ఒకటే, దాని పేరు లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలోని కొవ్వుల పరీక్ష. పెట్టిన పైసలకు ఆ సరుకు ఏమిస్తోంది, ఏమివ్వడం లేదు అన్నదే ఇక్కడి విషయం. తీర్పు ముందే చెప్పేస్తాం: కొలెస్ట్రాల్ ఎంత ఉందో ఈ పరీక్ష బాగానే చెబుతుంది. ఎందుకు పెరిగిందో ఒక్క ముక్క చెప్పదు. అది తెలియాలంటే ఇంకో నాలుగు మామూలు పరీక్షలు పక్కన చేర్చుకోవాలి. అవి లేకుండా లిపిడ్ ప్రొఫైల్ ఒక్కటే చేయిస్తే సగం పనే అయినట్టు.

రిపోర్టులో ఏడెనిమిది వరసలు కనిపిస్తాయి. అంకెలన్నీ డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటాయి. చాలాచోట్ల యంత్రం నిజంగా కొలిచేవి మూడే: మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అనేది దీన్నే), ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు). మిగతావన్నీ వీటి మీద వేసిన లెక్కలు. ట్రైగ్లిజరైడ్లను ఐదుతో భాగిస్తే వీఎల్‌డీఎల్ (ట్రైగ్లిజరైడ్లను మోసే కణాల్లోని కొలెస్ట్రాల్). మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నూ వీఎల్‌డీఎల్‌నూ తీసేస్తే ఎల్‌డీఎల్, అందరూ చెడు కొలెస్ట్రాల్ అనేది. 1972 నుంచి వాడుకలో ఉన్న ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ఇది. మొత్తం 232, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 260 అనుకోండి. వీఎల్‌డీఎల్ 52, ఎల్‌డీఎల్ 142 వస్తాయి. మీ రిపోర్టు ముందు పెట్టుకుని ఇదే లెక్క వేసి చూడండి. సరిగ్గా అదే అంకె వస్తే మీ ఎల్‌డీఎల్‌ను ఎవరూ కొలవలేదు, లెక్కగట్టారు.

లెక్కగట్టడం మోసమేమీ కాదు, ట్రైగ్లిజరైడ్లు అదుపులో ఉన్నంతవరకు ఆ అంకె పనికొస్తుంది. అవి 200 దాటినప్పటి నుంచి నమ్మకం సడలుతుంది, 400 దాటాక సూత్రం అసలు వాడకూడదు. ఇబ్బంది ఏమిటంటే, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉండడం మన దేశంలో బాగా కనిపించే తీరు. మొత్తం 230, హెచ్‌డీఎల్ 35, ట్రైగ్లిజరైడ్లు 480 ఉన్న మనిషికి ఈ సూత్రం ఎల్‌డీఎల్‌ను 99గా చూపిస్తుంది. వంద లోపే ఉంది కదా అని ఆ మనిషి నిశ్చింతగా ఉంటాడు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి చూడండి, 195 వస్తుంది. రక్తనాళాల గోడల్లో పేరుకునే రకం కొలెస్ట్రాల్ అంతా ఈ 195లోనే ఉంది. దీన్నే నాన్ హెచ్‌డీఎల్ అంటారు. దీనికి సూత్రం అక్కర్లేదు, పరగడుపు అక్కర్లేదు, చిన్న తీసివేత చాలు. అయినా కొన్ని రిపోర్టుల్లో ఈ వరసే ఉండదు, దాని బదులు ఎవరికీ పెద్దగా అక్కరకు రాని రెండు మూడు నిష్పత్తులు ఉంటాయి. ఇది మాకు నచ్చని విషయం. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ‘డైరెక్ట్ ఎల్‌డీఎల్’ (లెక్కగట్టకుండా నేరుగా కొలిచేది) చేసి ఇస్తారా అని ల్యాబును ముందే అడగండి. మంచి ల్యాబు అడగకముందే చేసి ఇస్తుంది.

ఇక ఇంటికొచ్చి రక్తం తీసే పద్ధతి. సౌకర్యానికి పూర్తి మార్కులు, కానీ తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. వచ్చిన కుర్రాడికి ఇంకో పది ఇళ్లు తిరగాల్సి ఉంటుంది, తొందరలో ఉంటాడు. మీరు అప్పుడే మేడ మెట్లు దిగి వచ్చో, వాకింగ్ నుంచి వచ్చో చెయ్యి చాపొద్దు. ఐదు పది నిమిషాలు కుర్చీలో కుదురుగా కూర్చోండి. నిలబడి ఉన్నప్పుడు రక్తంలోని నీరు కొంత కణజాలంలోకి దిగి రక్తం చిక్కబడుతుంది. పడుకుని ఇచ్చిన రక్తానికీ నిలబడి ఇచ్చిన రక్తానికీ కొలెస్ట్రాల్ అంకెలో పది శాతం దాకా తేడా రావచ్చు. చేతికి కట్టే రబ్బరు పట్టీ ఒక్క నిమిషం మించి ఉండకూడదు. నరం దొరకక అలాగే బిగించి ఉంచితే అక్కడా రక్తం చిక్కబడి అంకె పెరుగుతుంది. అలాంటప్పుడు పట్టీ విప్పి రెండో చెయ్యి చూడమనండి, మొహమాటం అక్కర్లేదు.

గొట్టాల మూతల రంగులు కూడా గమనించండి. లిపిడ్‌కు ఎరుపు లేదా పసుపు మూత, హెచ్‌బీఏ1సీకి (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) ఊదా మూత, పరగడుపు షుగరుకు బూడిద రంగు మూత. షుగరు కూడా చేయిస్తూ బూడిద మూత గొట్టం తీసుకోకపోతే ఆ షుగరు అంకె నమ్మొద్దు. మామూలు గొట్టంలో రక్తకణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి, గంటకు ఐదు నుంచి ఏడు శాతం దాకా తగ్గుతుంది. మే నెల ఎండలో బండి డిక్కీలో మూడు గంటలు తిరిగిన గొట్టం గురించి చెప్పనే అక్కర్లేదు. కొలెస్ట్రాల్ ఆ వేడికి అంత తొందరగా చెడదు, షుగరు, పొటాషియం మాత్రం చెడతాయి. గొట్టం మీద పేరు, వయసు మీ కళ్లముందే రాయించండి. ఒకే ఇంట్లో అత్తకూ కోడలికీ కలిపి తీసినప్పుడు గొట్టాలు మారిపోవడం జరిగే పనే.

పరగడుపు సంగతిలో చాలా ల్యాబులు ఇంకా పాత పద్ధతిలోనే పన్నెండు గంటలు అంటాయి. 2016లో యూరప్ నిపుణుల సంఘాలు, 2024లో మన కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా, మొదటిసారి చేయించే పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదనే చెప్పాయి. తిన్నాక తీస్తే ట్రైగ్లిజరైడ్లు కొంత పెరుగుతాయి, ఎల్‌డీఎల్‌లో పెద్ద తేడా రాదు. అయితే షుగరు కూడా కలిపి చూస్తున్నా, ఇదివరకు ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ వచ్చి ఉన్నా పరగడుపే మంచిది. తొమ్మిది నుంచి పన్నెండు గంటలు సరిపోతాయి. పదహారు గంటలు ఎండబెట్టుకుని రావొద్దు. మంచినీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా. పాలు కలిపిన చాయ్ తాగితే పరగడుపు పోయినట్టే.

ఏ రోజు చేయించాలన్నది ఏ ల్యాబులో చేయించాలన్నంత ముఖ్యం. రాత్రి దావత్‌లో మటన్ తిని పొద్దున రక్తమిస్తే కొలెస్ట్రాల్ ఆకాశానికి ఎక్కుతుందని చాలామంది భయం. ఒక్క పూట తిండితో ఎల్‌డీఎల్ అంతగా కదలదు, అది వారాల మీద నడిచే అంకె. ఒక్క రాత్రిలో ఎగిరేది ట్రైగ్లిజరైడ్లు, అదీ మందు గానీ కల్లు గానీ తోడైతే ఇంకా ఎక్కువ. కాబట్టి పరీక్షకు ముందు కనీసం ఒకరోజు, వీలైతే రెండు రోజులు మద్యం, కల్లు మానేయండి. మేడారం జాతర నుంచి తిరిగొచ్చిన వారంలోనో, పెళ్లిళ్ల వరసలోనో చేయించి హైరానా పడొద్దు. రెండు మూడు వారాలు రోజూ తినే తిండి తిన్నాక చేయించండి. దీనికి పూర్తిగా ఎదురు తిరిగేది జ్వరం. డెంగీ, నిమోనియా వంటివి వచ్చినప్పుడు, గుండెపోటు, ఆపరేషన్ తర్వాత ఎల్‌డీఎల్ తనంతట తనే పడిపోతుంది. ఆ సమయంలో ‘నార్మల్’ అని వచ్చిన రిపోర్టుకు విలువ లేదు. కోలుకున్న ఆరేడు వారాలకు మళ్లీ చూడాలి. గర్భిణులకు కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు పెరగడం సహజం, కాన్పయి రెండు మూడు నెలలు గడిచాకే ఆ అంకె గురించి ఆలోచించాలి.

రిపోర్టు కుడి పక్కన అచ్చేసే ‘నార్మల్’ గడి అందరికీ ఒకటే, అదే దాని లోపం. మొత్తం 200 లోపు, ఎల్‌డీఎల్ 100 లేదా 130 లోపు, ట్రైగ్లిజరైడ్లు 150 లోపు, హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 పైన అని ఉంటుంది. 2024 నాటి మన దేశపు సూచనల ప్రకారం ఏ ముప్పూ లేని మనిషికి ఎల్‌డీఎల్ 100 లోపు, షుగరు లాంటి ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకు 70 లోపు, ఇప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు 55 లోపు ఉండాలి. నాన్ హెచ్‌డీఎల్‌కు ఈ మూడు అంకెలకూ 30 కలపండి. స్టెంటు వేయించుకున్న పెద్దాయనకు ఎల్‌డీఎల్ 96 వస్తే రిపోర్టులో ఏ గుర్తూ పడదు. ఆయనకు మాత్రం అది ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ.

ఇక రిపోర్టులో లేని అసలు పేజీకి వద్దాం. కొలెస్ట్రాల్ ఎందుకు పెరుగుతుంది? ఒంట్లో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన ఒళ్లు, అందులోనూ కాలేయం, తయారుచేసుకునేదే. అందుకే గుడ్డు కూడా ముట్టని ఇళ్లలో 250 కనపడుతుంది. కాలేయం తయారుచేయడమే కాదు, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కుని ఖర్చుచేసేది కూడా అదే. ఆ లాక్కునే పని మందగిస్తే రక్తంలో నిల్వ పెరుగుతుంది. తిండిలో ఆ పనిని మందగింపజేసేది ముఖ్యంగా సంతృప్త కొవ్వు (సాచురేటెడ్ ఫ్యాట్). గుడ్డు సొనలో ఉండే రెండు వందల మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ కంటే, ఆ గుడ్డును వేయించిన నూనె ఏమిటన్నదే చాలామందికి ముఖ్యం. మేక భేజా మాత్రం వేరు. వంద గ్రాముల్లోనే కొలెస్ట్రాల్ వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. ఎల్‌డీఎల్ ఇప్పటికే ఎక్కువున్నవాళ్లు దాన్ని వదిలేయడమే మేలు.

నూనెల దగ్గర కాస్త ఆగాలి. పామాయిల్‌లో సగానికి దగ్గరగా సంతృప్త కొవ్వే. వంటకు వచ్చే పామోలిన్‌లో నలభై శాతం పైన. నెయ్యిలో అరవై శాతానికి అటూఇటూ, కొబ్బరి నూనెలో ఎనభై దాటుతుంది. పల్లి నూనెలో, తవుడు నూనెలో ఇరవై శాతం దగ్గర, నువ్వుల నూనెలో పదిహేను దగ్గర, పొద్దుతిరుగుడు నూనెలో పది పన్నెండు. గానుగలో పట్టించినా రిఫైన్డ్ ప్యాకెట్ అయినా పల్లి నూనెలో ఈ పాళ్లు మారవు. వాసనకు, రుచికి గానుగ నూనె కొనుక్కోండి, కొలెస్ట్రాల్ తగ్గుతుందని మాత్రం రెండింతలు పెట్టొద్దు. ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాసి ఉన్నా లెక్కలోకి తీసుకోవద్దు. గింజల నుంచి తీసిన నూనె దేంట్లోనైనా కొలెస్ట్రాల్ చెప్పుకోదగ్గంత ఉండదు. ప్యాకెట్ వెనక్కి తిప్పి ‘సాచురేటెడ్ ఫ్యాట్’ వరస చూడండి. మనిషికి నెలకు అర లీటరు అంటే రోజుకు మూడు చెంచాలు. నలుగురున్న ఇంటికి నెలకు రెండు లీటర్లు. ఐదు లీటర్ల డబ్బా నెలకే అయిపోతుంటే జవాబు ల్యాబులో కాదు, వంటింట్లోనే ఉంది.

బయటి తిండిలో 2022 జనవరి నుంచి నూనెల్లో, డాల్డాలో ట్రాన్స్ కొవ్వు (నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే చెడు కొవ్వు) రెండు శాతం మించకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం. ఇది నిజంగా మంచి మార్పు. కానీ ట్రాన్స్ తీసేసినచోట గట్టిదనం కోసం పామ్ కొవ్వు పెరిగింది. కాబట్టి బేకరీ పఫ్, క్రీమ్ బిస్కెట్, మిర్చి బండి ఇప్పటికీ ఎల్‌డీఎల్‌ను పెంచేవే. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచడం ఇంకో సమస్య. నూనె చెడి అందులో చేరే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని నియమం ఉంది. ఇంట్లో దాన్ని కొలవలేం, గుర్తులు మాత్రం తెలుస్తాయి: రంగు నల్లబడడం, పైన నురగ నిలిచిపోవడం, ముందుకంటే తొందరగా పొగ రావడం. సంక్రాంతికి సకినాలు కాల్చగా మిగిలిన నూనెను వడకట్టి తాలింపులకు వారం లోపు వాడేయండి. మళ్లీ గారెలకు పెట్టొద్దు.

ట్రైగ్లిజరైడ్లు పెరిగి ఎల్‌డీఎల్ మామూలుగా ఉంటే అనుమానం కొవ్వు మీద కంటే ముందు అన్నం, చక్కెర, మద్యం మీదికి పోవాలి. ఒంటికి అవసరాన్ని మించి వచ్చిన పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి వీఎల్‌డీఎల్ రూపంలో రక్తంలోకి పంపుతుంది. మూడు పూటలా అన్నం, మధ్యలో చక్కెర చాయ్‌లు, కూర్చుని చేసే పని కలిస్తే నూనె ఎంత తగ్గించినా ఆ అంకె దిగదు. బెల్లం కూడా ఈ లెక్కలో చక్కెరే. రాత్రి పూట జొన్న రొట్టె, పప్పు, గోరుచిక్కుడు లాంటి పీచున్న కూర, భద్రకాళి బండ్ మీద నలభై నిమిషాల వేగపు నడక, ఇవి రెండు నెలల్లోనే ట్రైగ్లిజరైడ్లలో కనపడతాయి. నడకతో ఎల్‌డీఎల్ కొంచెమే తగ్గుతుంది, నడిచినా తగ్గలేదని నిరాశపడొద్దు. బీడీ, సిగరెట్ హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తాయి, గుండెకు చేసే హాని దానికి అదనం.

ఇంతవరకు చెప్పింది చాలామందికి తెలిసిందే. తెలియక నష్టపోయేది దీని తర్వాతి భాగంలో. తిండి సరిగ్గా ఉన్నా ఎల్‌డీఎల్ ఎక్కువ వస్తే ముందు చూడాల్సింది థైరాయిడ్. ఆ గ్రంథి మందగిస్తే కాలేయం ఎల్‌డీఎల్‌ను లాక్కునే పని కూడా మందగిస్తుంది. ముఖ్యంగా నలభై దాటిన ఆడవాళ్లలో కొలెస్ట్రాల్ గోలీ మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూడకపోవడం పెద్ద తప్పు. టీఎస్‌హెచ్ పది దాటి ఉంటే ముందు థైరాయిడ్‌కు మందు వేసుకుని, అది అదుపులోకి వచ్చాక రెండు మూడు నెలలకు మళ్లీ లిపిడ్ చూస్తే చాలామందికి అంకె చాలావరకు దానంతటదే దిగుతుంది. పైగా థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ గోలీలు వేస్తే కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువ. ఒక జాగ్రత్త: జుట్టు రాలకుండా వాడే బయోటిన్ గోలీలు కొన్ని యంత్రాల్లో టీఎస్‌హెచ్‌ను అబద్ధంగా తక్కువ చూపిస్తాయి. పరీక్షకు రెండు రోజుల ముందు ఆపి, సంగతి ల్యాబుకు చెప్పండి.

రెండోది షుగరు. అదుపులో లేని షుగరు ట్రైగ్లిజరైడ్లను పెంచి హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. ఎల్‌డీఎల్ అంకె మామూలుగా కనిపించినా ఆ కణాలు చిన్నవిగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. అందుకే హెచ్‌బీఏ1సీ చూడాలి. మూడోది కిడ్నీ. మూత్రంలో ప్రొటీన్ పోతుంటే కాలేయం దాన్ని పూడ్చుకునే పనిలో కొలెస్ట్రాల్‌ను మోసే కణాలనూ ఎక్కువగా తయారుచేస్తుంది. మూత్రంలో పోకుండా నిలిచే నురగ, పొద్దున లేవగానే మొహం, కాళ్లు ఉబ్బడం దీని గుర్తులు. కిడ్నీ పనితీరుకు చేసే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒక్కటే చూస్తే ఇది దొరకదు, మూత్రంలో ప్రొటీన్ కూడా చూడాలి. నాలుగోది కాలేయం. పిత్తం పారే దారి మూసుకుపోతే కొలెస్ట్రాల్ బయటికి పోయే దారి పోతుంది. ఒళ్లంతా దురద, కళ్లు పచ్చబడడం, లివర్ పరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేస్ వరస పెరగడం దానికి ఆనవాళ్లు. టీఎస్‌హెచ్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్‌తో పాటు మూత్ర ప్రొటీన్, లివర్ పరీక్ష. పక్కన చేర్చమన్న నాలుగూ ఇవే.

మందుల జాబితా కూడా రక్తంతో పాటే ఇవ్వాలి, ఏ ల్యాబూ అడగదు. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి నెలల తరబడి వాడే స్టెరాయిడ్ గోలీలు, బీపీకి వాడే కొన్ని నీటి గోలీలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి), మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక గోలీలు, మానసిక వ్యాధులకు వాడే ఓలాంజపిన్ లాంటివి కొవ్వు అంకెలను పెంచగలవు. ఊళ్లో ఎవరో ఇచ్చిన పేరు తెలియని నొప్పుల గోలీలు వాడుతుంటే వాటి అట్ట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. ఎక్కువ రోజులు వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. ఆడవాళ్లకు ముట్లు ఆగిపోయే వయసులో ఎల్‌డీఎల్ కొంత పెరగడం మామూలే. నిరుడు బాగుండి ఈ ఏడు పెరిగిందంటే తిండినే నిందించుకోనక్కర్లేదు.

మేము అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది వంశపారంపర్యం గురించి. పెద్దవాళ్లలో ఎల్‌డీఎల్ 190 దాటితే అది తిండి తప్పు అనుకునే ముందు కుటుంబ చరిత్ర అడగాలి. ఎల్‌డీఎల్‌ను లాక్కునే జన్యువులోనే లోపం ఉన్న కుటుంబాలు ఉంటాయి. అలాంటి ఒక్క లోపపు జన్యువు రెండు వందల యాభై, మూడు వందల మందిలో ఒకరికి ఉంటుందని ప్రపంచవ్యాప్త అంచనా. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. మన దగ్గర మేనరికాలు ఇప్పటికీ జరుగుతున్నాయి కాబట్టి ఈ విషయం ఇంకా బరువైనది. మేనబావకూ మరదలికీ ఒకే తాత నుంచి అదే లోపం వచ్చి ఉంటే, వాళ్ల పిల్లల్లో ప్రతి ఒక్కరికీ రెండు లోపాలూ కలిసి వచ్చే అవకాశం నాలుగో వంతు. అలాంటి పిల్లల ఎల్‌డీఎల్ 400, 500 కూడా దాటుతుంది. గుండెజబ్బు చిన్న వయసులోనే మొదలవుతుంది. మోచేతులు, మోకాళ్లు, పిర్రల మీద పసుపుపచ్చ గడ్డలు, మడమ వెనక ఉండే లావాటి స్నాయువు (టెండన్) ఉబ్బడం, నలభై ఐదు నిండకముందే కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం కనపడితే ఆలస్యం చేయొద్దు. ఇంట్లో మగవాళ్లకు 55 లోపు, ఆడవాళ్లకు 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే పిల్లలకు కూడా లిపిడ్ పరీక్ష చేయించండి. ఆ కుటుంబంలో పిల్లవాడి ఎల్‌డీఎల్ 160 దాటినా అనుమానించాల్సిందే. ఈ జబ్బు పథ్యంతో కుదరదు, మందులు కావాలి. ఇంట్లో ఒకరికి తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు అందరూ చూపించుకోవాలి. ‘ఇంట్లోవాళ్లు కూడా చూపించుకోవాలి’ అన్న వాక్యం రిపోర్టు కింద అచ్చేయడానికి ల్యాబుకు పైసా ఖర్చు కాదు. ఎల్‌డీఎల్ 190 దాటిన ప్రతి రిపోర్టు మీదా ఆ వాక్యం ఉండాలని గట్టిగా కోరుతున్నాం.

ఎనభై పరీక్షల ప్యాకేజీల మాట. సంఖ్య చూసి మురిసిపోకండి. రక్తకణాల పరీక్ష ఒక్కటే ఇరవై వరసలు ఇస్తుంది, లివర్ పరీక్ష పది వరసలు, లిపిడ్‌లో నిష్పత్తులతో కలిపి ఎనిమిది తొమ్మిది. ఒక్కో వరసనూ ఒక్కో పరీక్షగా లెక్కవేస్తే ఎనభై చేయడం కష్టం కాదు. అందులో టీఎస్‌హెచ్, హెచ్‌బీఏ1సీ, మూత్ర ప్రొటీన్ ఉన్నాయో లేదో అడగండి. ఉండి, విడిగా చేయించిన ధరకంటే తక్కువైతే తీసుకోండి. లేకపోతే విడిగా చేయించడమే మేలు. రిపోర్టు మీద ‘ఎక్కడ పరీక్షించారు’ అన్న చోట ఏ ఊరు రాసి ఉందో చూడండి. మీ గల్లీలోది రక్తం సేకరించే కేంద్రమే అయ్యుండొచ్చు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు అసలు పరీక్షించే ల్యాబుకు ఉండాలి, అదీ లిపిడ్ పరీక్షలకు వర్తించాలి.

పైసలు ఇబ్బందైన వాళ్లకు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో బస్తీ దవాఖానాలోనో డాక్టరు రాస్తే అక్కడే రక్తం తీసి జిల్లా హబ్‌కు పంపుతారు, ఖర్చు లేదు. లిపిడ్ ప్రొఫైల్ కూడా అందులో ఉంది. ఇంటికి రారు, పొద్దున వెళ్లి వరసలో నిలబడాలి. నాణ్యత తక్కువ ఉంటుందని ముందే అనుకుని దాన్ని వదులుకోవద్దు.

మళ్లీ ఎప్పుడు చేయించాలి? ఒకే మనిషికి ఏ మార్పూ లేకుండానే మొత్తం కొలెస్ట్రాల్ ఐదారు శాతం, ట్రైగ్లిజరైడ్లు ఇరవై శాతం దాకా అటూఇటూ ఆడతాయి. 205 నుంచి 197కు దిగితే పండగ చేసుకోవద్దు, 197 నుంచి 205కు ఎక్కితే దిగులుపడొద్దు. తిండి మార్చాక రెండు మూడు నెలలకు, గోలీ మొదలుపెట్టాక లేదా మోతాదు మార్చాక నాలుగు నుంచి పన్నెండు వారాల మధ్య చూడాలి. వీలైనంతవరకు అదే ల్యాబులో, అదే తీరులో. గోలీ వేసుకుంటూ ఎల్‌డీఎల్ దిగితే అది గోలీ పనిచేస్తోందన్న మాట. నయమైపోయిందని ఆపితే కొన్ని వారాల్లోనే పాత అంకెకు వస్తుంది. రిపోర్టులో ‘మందు మీద ఉన్నారు’ అన్న మాట రాయించుకుంటే ఏడాది తర్వాత చూసే కొత్త డాక్టరుకు గందరగోళం ఉండదు.

చివరగా, జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలనిపించే పరీక్ష ఒకటుంది, లైపోప్రొటీన్ (ఎ), ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో కొవ్వు కణం. ఇది పుట్టుకతో వచ్చేది. తిండి, నడకలతో పెద్దగా మారదు, మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో కనపడదు. ఎల్‌డీఎల్ బాగుండి కూడా చిన్న వయసులో గుండెపోటు వచ్చిన కుటుంబాల్లో కారణం ఇదే కావొచ్చు. 2024 నాటి మన దేశపు సూచనలు కూడా ఒక్కసారైనా చూడమంటున్నాయి. 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కింద లెక్క. ఫారంలో దీని పేరు స్పష్టంగా రాయించండి. అపోలైపోప్రొటీన్ ఎ1 అనేది పూర్తిగా వేరు, పేర్లు దగ్గరగా ఉండడంతో పొరపాటున అది చేసి ఇచ్చే వీలుంది. ఫలితం వచ్చాక అంకె పక్కన ప్రమాణం చూడండి. కొన్ని ల్యాబులు మిల్లీగ్రాముల్లో, కొన్ని నానోమోల్స్‌లో ఇస్తాయి. నానోమోల్స్‌లో అయితే 125 దాటితేనే ఎక్కువ. 80 నానోమోల్స్‌ను 80 మిల్లీగ్రాములుగా చదివితే లేని ముప్పు ఉన్నట్టు కనపడుతుంది.